పొగ రాని బండి

లివా దాటాక, ఎడారి క్యాంపు
28 మే 2023

అక్కా,

ఈపాటికి డ్యూటీ దిగి, రోలాలో మీ నర్సుల రూములో కాళ్లు చాపుకుని టీ తాగుతూ ఉంటావు. ముందు ఆ టీ కానివ్వు. ఇందులో అంతా నా ఏడుపే కాబట్టి తొందరేం లేదు.

నా డీజిల్ బండిని పట్టుకుపోయారు.

ఆరేళ్లు తోలానక్కా దాన్ని. పేరుకి పికప్పే గానీ వెనక జంట చక్రాలు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముసలాయన నిద్ర లేచినట్టు ఒక దగ్గు దగ్గేది. ఆ తర్వాత ఎంత బరువు తగిలించినా కిక్కురుమనేది కాదు. వెల్డింగు జనరేటరు, పైపుల ట్రైలరు, ఒకసారి ఇసుకలో దిగబడిన నీళ్ల ట్యాంకరు, అన్నీ లాగింది. మొన్న ముదీర్, అదే మా మేనేజరు, వచ్చి తాళాలడిగాడు. "డీజిల్ ఖలాస్ రత్నా. అబ్ సబ్ పెట్రోల్ టర్బో." పోయినేడాది డీజిల్ రేటు పెట్రోల్‌ని దాటిపోయినప్పుడు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఆర్డరిచ్చారట. బళ్లు ఇప్పుడొచ్చాయి. ఈలోగా డీజిల్ రేటు మళ్లీ దిగింది, అయినా ఆర్డరు ఆర్డరే. పైగా డీజిల్‌కి పొగ వడగట్టే ఫిల్టరు, యూరియా నీళ్లు, సెన్సార్లు. ఒక్కటి పోయినా అమెరికా నుంచి సామాను వచ్చేదాకా బండి మూలన పడుంటుంది. అది మాత్రం నిజమే, ఒప్పుకుంటాను.

ఉత్తరం ఏంటని కంగారుపడకు. ఇది చమురు బావుల ఏరియా కాబట్టి కెమెరా ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటున్నారు. లోపల సిగ్నల్ ఎలాగూ లేదు. రేషన్ లారీ తోలే హన్మాండ్లు దుబాయ్‌లో మా కంపెనీ అల్ వర్సాన్ గోడౌన్‌కి వస్తూ పోతూ ఉంటాడు, షార్జాలో వాళ్ల తమ్ముడి రూముకీ వెళ్తాడు. "పరిమళక్కకు నేనే ఇస్త తియ్, నువ్వు రాయి" అన్నాడు. నిజామాబాద్ మనిషి, మాటంటే మాటే.

నాకిక్కడ ఉండబుద్ధి కావట్లేదు. జెబెల్ అలీలో ఏదో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలుకున్నా బతకొచ్చు. రాజీనామా ఇచ్చేయనా? నువ్వు సరే అంటే రేపే ఇచ్చేస్తాను.

నీ మాట ఎప్పుడూ వినని తమ్ముడు
రత్నబాబు


రోలా, షార్జా
9 జూన్ 2023

రత్నం,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. ఆ ఎడారిలో చల్లగా చూడడానికి ఆయన తప్ప ఇంకెవరున్నారు!

నీ ఉత్తరం చదివి మా రూములో అందరం నవ్వుకున్నాం. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు కూడా ఇంత ఏడవలేదు నువ్వు. పందిట్లో లడ్డూలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు. ఇప్పుడొక ఇనప ముక్క కోసం కాగితం నిండా కన్నీళ్లు! డీజిలైనా పెట్రోలైనా నాకు రెండూ ఒకటే, రెండూ బట్టలకి పట్టి వదలని వాసన.

రాజీనామా మాట ఎత్తకు. అక్టోబరుతో కాంట్రాక్టు అయిపోతుంది. మధ్యలో మానేస్తే కంపెనీవాళ్లు ఏ మెలిక పెడతారో మనకేం తెలుసు? దర్జాగా పూర్తిచేసి వెళ్లు. మీ ఆవిడ హెప్సీ నిన్న రాజోలు నుంచి ఫోన్ చేసింది. మీ చిన్ని అంగన్‌వాడీకి వెళ్లనని గుమ్మం పట్టుకుని ఏడ్చిందట. "నాన్న పెద్ద కారులో వస్తాడు, అందులోనే వెళ్తా" అందట. దానికి డీజిలో పెట్రోలో అడగలేదు.

ఎండ జాగ్రత్త. మా వార్డుకి అప్పుడే వడదెబ్బ కేసులు మొదలయ్యాయి. నీకు అమ్మ లేని లోటు తెలియకుండా పెంచానని అందరూ అంటారు. ఆ పేరు నిలబెట్టు, ఇంకేం అడగను.

పరిమళక్క


ఎడారి క్యాంపు
24 జూన్ 2023

అక్కా,

లడ్డూల సంగతి నలుగురు నర్సుల ముందు చదివావన్నమాట. సరే, రాజీనామా ఇవ్వలేదు. సంతోషమేనా?

కొత్త బండి గురించి న్యాయంగా చెప్పాలి కాబట్టి మంచి ముందు చెబుతాను. ఖాళీగా తోలితే ఇలా కాలు పెడితే అలా ఎగిరిపోతుంది. ఏసీ వేసిన నిమిషానికి చల్లబడుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు, వాసన లేదు. ఇంజను ఆన్‌లో ఉందో లేదో చూడాలంటే ముల్లు వైపు చూడాలి. ఇక ట్రైలరు తగిలించి ఇసుక దిబ్బ ఎక్కించి చూడు, అప్పుడు బయటపడుతుంది దాని బండారం. డీజిల్ అయితే అడుగు నుంచే బలం తీసి నిబ్బరంగా ఎక్కేది. దీనికి రెండు టర్బోలు, రెండూ ఊళ పెడతాయి, ఇంజను గొంతు చించుకుంటుంది, పెట్రోలు కళ్ల ముందే అయిపోతుంది. దిగేటప్పుడు ఇంకా భయం. డీజిల్ తన బరువుని తనే ఆపుకునేది. ఇక్కడ బ్రేకు తొక్కలేక చస్తున్నాను. ముదీర్‌కి చెబితే "తుమ్ డీజిల్ కా దామాద్ హై క్యా?" అన్నాడు, డీజిల్‌కి అల్లుడివా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

మధ్యాహ్నం పని ఆపే రూలు మొదలైంది. పన్నెండున్నర నుంచి మూడు దాకా రెస్టు. రెస్టు క్యాబిన్ అని ఒకటుంది గానీ దాని ఏసీ పోయినేడాదే చచ్చింది, బాగుచేసే నాథుడు లేడు. అందుకని ఎప్పటిలాగే మా పందిరే దిక్కు. నాలుగు పైపులు పాతి, పైనా మూడు పక్కలా బరకాలు కట్టాం. మన వైపు వానొస్తే ధాన్యం మీద కప్పుతారే, ఆ టార్పాలిన్ బరకాలే. బండిని అందులోకి పోనిచ్చి, ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని పడుకుంటాం. ముందు సీటు నాది, వెనక సీటు బుడేన్ సాహెబ్‌ది. ఆయన మా వెల్డరు, రాయచోటి మనిషి, గడ్డానికి గోరింటాకు పెడతాడు. బండి వెనక వైపు, సైలెన్సర్ ఉన్న పక్క మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచుతాం. డీజిల్ పొగకి కళ్లు మండి ఆరేళ్లుగా అదే అలవాటు. వడగాలీ ఇసుకా కూడా అటు నుంచే వచ్చి కొడుతున్నాయి.

బుడేన్ సాహెబ్ పూర్తిగా పెట్రోలు పార్టీ. "ఏమబ్బా రత్నం, నీ డీజిలు దెయ్యం పోయినంక నాకు కంటినిండా నిద్ర పడతాండాది" అంటాడు. రోజూ ఆయనకీ నాకూ ఇదే గొడవ. గొడవ లేని రోజు అన్నం సయించదు మాకు.

ఒకటే, నిద్ర లేచాక తల బరువుగా ఉంటోంది. కణతల దగ్గర కొట్టుకుంటోంది. సాయంత్రానికి తగ్గిపోతుంది. ఏదైనా బిళ్ల ఉంటే పంపు.

సగం మాట విన్న తమ్ముడు
రత్నబాబు


రోలా
3 జూలై 2023

రత్నం,

నీ తలనొప్పికి పేరు ఎండ. ఈ వారం మా దగ్గరికి వచ్చినవాళ్లందరూ ఇదే చెప్పారు: తల బరువు, కణతలు, కళ్లు తిరగడం. నీళ్లు తాగమంటే టీ తాగుతారు మీరు. ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టె నిండా పంపుతున్నాను, బుడేన్ సాహెబ్‌కి కూడా ఇవ్వు. పెద్దాయన రోజూ తాగేలా చూడు.

అసలు మీకు బుద్ధి లేదు. ఏసీ వేసుకుని ఒక పక్క తలుపు తెరిచి పడుకుంటారా ఎవరైనా? పొగ కోసం తెరిచేవాళ్లం అన్నావు, ఇప్పుడు పొగే లేదంటున్నావు, మరి ఎవరి కోసం తెరుస్తున్నారు? రోలాలో గుడ్డల షాపులన్నీ తిరిగి మందపాటి కేన్వాసు కొన్నాను. మిషను మీద నేనే కుట్టాను, చుట్టూ కన్నాలు వేసి తాడు కూడా ఎక్కించాను. ఆకుపచ్చది, కంటికి చల్లగా ఉంటుందని. ఆ నాలుగో పక్క పరదాలా కట్టుకో. కింద ఇసుక పోసి నొక్కేయి, సందు ఉండకూడదు. ఇసుక రాదు, వడగాలి రాదు, ఏసీ చల్లదనం బయటికి పోదు.

మధ్యాహ్నం పడుకోవడం మాత్రం మానకు. పని ఉన్నా లేకపోయినా ఆ రెండున్నర గంటలూ బండిలోనే ఉండు. ఇది అక్క మాట కాదు, నర్సు మాట.

మొన్న ప్రార్థన కూడికలో నీ పేరు చెప్పాను. పాస్టరుగారు ఎడారిలో ఉన్నవాళ్లందరి కోసం ప్రార్థన చేశారు.

పరిమళక్క


ఎడారి క్యాంపు
15 జూలై 2023

అక్కా,

పరదా అమరింది. కొలత తీసుకున్నట్టే సరిపోయింది, నీ చేతికి దండం పెట్టాలి. లోపల ఇప్పుడు చలికాలమే. బుడేన్ సాహెబ్ మొదటిరోజు దాన్ని చేత్తో నిమిరి చూసి, "మీ యక్కను మా ఊరికి తీస్కపోయి కుట్టుమిషను షాపు పెట్టిస్తా" అన్నాడు. హన్మాండ్లు కూడా లారీ ఆపి వచ్చి ఒక కునుకు తీసి, "గిది సినిమా హాలు లెక్క ఉన్నదన్నా" అని మెచ్చుకున్నాడు. క్యాంపులో నువ్వు పెద్ద పేరున్న మనిషివి ఇప్పుడు.

తల నొప్పి మాత్రం తగ్గలేదక్కా. ఎక్కువైంది. పరదా కట్టిన రెండో రోజు లేచి బయటికొస్తే కాళ్లు ఆనలేదు, అక్కడే వాంతి చేసుకున్నాను. బుడేన్ సాహెబ్ లేవడానికే పేచీ పెడుతున్నాడు. మునుపు మూడు కాకముందే లేచి నన్ను తట్టే మనిషి, ఇప్పుడు భుజం పట్టి ఊపితే గానీ కళ్లు తెరవడు. ఓఆర్ఎస్ ఇద్దరం తాగుతూనే ఉన్నాం.

ఒక చిత్రం చెబుతాను. మధ్యలో బండిని మొదటి సర్వీసుకి పట్టుకెళ్లారు. ఆ రెండు రోజులూ మెస్సు హాల్లో ఫ్యాను కింద చెమటలు కారుతూ పడుకున్నాం. నిద్ర పట్టలేదు, తిట్టుకున్నాం. కానీ తల తేలిగ్గా ఉంది! నాకే కాదు, ఆయనకీ. బండి రాగానే మళ్లీ మొదలు. ఈ పెట్రోలు బండి నాకు పడట్లేదు. నువ్వు నవ్వుతావని తెలుసు, అయినా రాస్తున్నాను. ముదీర్‌ని అడిగి డీజిల్ బండి ఉన్న సైటుకి మారిపోదామనుంది. బదిలీ కాకపోతే మానేస్తాను. ఏమంటావు?

రత్నబాబు


రోలా
24 జూలై 2023

రత్నబాబుకి,

కోపంగా రాస్తున్నాను, అందుకే పూర్తి పేరు.

చిన్నప్పుడు బడికి వెళ్లడం ఇష్టం లేకపోతే కడుపునొప్పి వచ్చేది నీకు. బడి గేటు దాటగానే వచ్చేది, మామిడితోటలోకి దూరగానే పోయేది. ఇప్పుడు బండి వస్తే తలనొప్పి, బండి పోతే తగ్గడం! ఇరవైయేళ్లు నర్సుని నేను. ఏ ఇంజనూ మనిషికి పడకపోవడం ఎక్కడా చూడలేదు. మనసులో నీకు ఆ డీజిల్ మీద బెంగ, అది తలకెక్కింది. బదిలీ లేదు, మానేయడం లేదు. అక్టోబరు దాకా ఓపిక పట్టు.

ఇంకో మాట అడగకుండా ఉండలేను. క్యాంపులో ఎవరైనా సీసాలు తెస్తున్నారా? నిద్ర లేచి వాంతులంటే నేనూ లోకం చూసినదాన్ని. లేదంటే కోవిడ్ మళ్లీ తగులుకుందా? ఆ రోజుల్లో మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆక్సిజన్ తగ్గి పడిపోయేవాళ్లు. అందుకని వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను పంపుతున్నాను. నిద్ర లేచి తల నొప్పిగా ఉన్నప్పుడే పెట్టి చూడు. తొంభై అయిదు దాటి ఉంటే నీకే రోగమూ లేదు. తగ్గితే ఆ క్షణమే హన్మాండ్లు లారీ ఎక్కి వచ్చేయి, ముదీర్‌తో నేను మాట్లాడతాను.

అక్క


ఎడారి క్యాంపు
2 ఆగస్టు 2023

అక్కకి,

తొంభై తొమ్మిది.

కళ్లు తిరుగుతూ బండి మెట్టు మీద కూర్చుని పెట్టుకున్నాను, తొంభై తొమ్మిది చూపించింది. బుడేన్ సాహెబ్‌కి తొంభై ఎనిమిది. ఆయన దాన్ని వేలికి ఉంగరంలా పెట్టుకుని క్యాంపంతా చూపించుకొచ్చాడు. "ఈ వయసులో ఇన్ని మార్కులు ఎవురికొచ్చాయిరా!" అని ఒకటే సంబరం.

కాబట్టి నువ్వే గెలిచావు. మాకు రోగం లేదు, బెంగే. నేను సీసా ముట్టనని చిన్ని పుట్టినప్పుడు బైబిలు మీద చెయ్యి వేసి చెప్పాను నీకు. ఆ చెయ్యి తీయలేదు. నువ్వలా అడగడం మాత్రం బాగా గుచ్చుకుంది. ఇక బండి గురించీ తల గురించీ ఒక్క ముక్క రాయను. నువ్వు చెప్పినట్టే మధ్యాహ్నం పడుకుంటాను, నువ్వు చెప్పినట్టే అక్టోబరు దాకా ఉంటాను.

చిన్నికి ఎర్ర చెప్పులు కొని ఉంచు, లైట్లు వెలిగేవి. సైజు హెప్సీని అడుగు.

రత్నబాబు


రోలా
11 ఆగస్టు 2023

నాన్నా రత్నం,

తొంభై తొమ్మిది చూడగానే మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆ సీసా మాట నోరు జారి అన్నది, మనసులో పెట్టుకోకు. భయం వేస్తే నాకు ముందు కోపమే వస్తుందని నీకు తెలియదా?

చెప్పులు కొన్నాను. రూములో దీపం ఆర్పి అందరికీ వెలిగించి చూపించాను. ఈసారి హన్మాండ్లుకి గోంగూర పచ్చడి ఇచ్చి పంపుతున్నాను, బుడేన్ సాహెబ్‌కి సగం పెట్టు. బాగా పడుకో, రోజూ పడుకో. బండి గురించి రాయనని అలగకు. రాయి, నేను తిట్టను.

నీ అక్క


అల్ వర్సాన్ క్యాంపు
31 ఆగస్టు 2023

అక్కా,

ఇప్పుడు ఫోను చేతిలోనే ఉంది గానీ తెర మీద అక్షరాలు ఊగుతున్నాయి. కాగితమే నయం. పైగా ఇది ఫోన్లో చెప్పలేను.

నువ్వు ఆసుపత్రికి వచ్చావు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, అది గుర్తుంది. దానికి ముందుది గుర్తు లేదు. హన్మాండ్లు చెబితేనే తెలిసింది. నీ ఉత్తరం, పచ్చడి సీసా పట్టుకుని మా పందిరి దగ్గరికి వచ్చాడట. పిలిస్తే పలకలేదట. పరదా లాగితే బండి నిశ్శబ్దంగా తిరుగుతూనే ఉంది, నేను స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాను. "నిన్ను గుంజి ఇసుకల పడేసిన. సాహెబ్‌ను గుంజేటప్పటికి పానం లేదన్నా" అని ఏడ్చాడు. బుడేన్ సాహెబ్ వెనక సీటులో, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. నాకు తల నొప్పి అంటే ఆయన "పెట్రోలు మీద చాడీలు" అనేవాడు. ఎవరితో గొడవ పడను ఇంక?

పోలీసులు అడిగారు. ఆ ఆకుపచ్చ గుడ్డ ఎవరు కట్టారని ముదీర్ కూడా అడిగాడు. నేనే కొన్నాను, నేనే కుట్టించాను అని చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. హన్మాండ్లు కూడా ఎత్తడు. బండి ఆన్‌లో పెట్టి పడుకోవడం డ్రైవరు తప్పని కంపెనీ రాసుకుంది. రెస్టు క్యాబిన్ ఏసీ గురించి ఎవరూ ఏమీ రాసుకోలేదు.

నన్ను ఇంటికి పంపేస్తున్నారు. కాంట్రాక్టు పూర్తి కాలేదు, క్షమించు.

నీ ఉత్తరం ఇవ్వడానికి రాకపోతే హన్మాండ్లు ఆ పరదా తీసేవాడే కాదక్కా. అది గుర్తు పెట్టుకో. మిగతాది మర్చిపో.

రత్నబాబు


రోలా
14 సెప్టెంబరు 2023

రత్నం,

నువ్వు విమానం ఎక్కేటప్పుడు చెప్పాలనుకున్నాను. నీ మొహం చూసి, చిన్ని చెప్పులు మాత్రం నీ చేతికిచ్చి పంపేశాను. ఇది నువ్వే చదువు, హెప్సీ చేత చదివించుకోకు.

నువ్వున్న ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి అంతా చెప్పారు. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషం ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. డీజిల్ పొగలో అది చాలా తక్కువ. డీజిల్ మసి కక్కుతుంది, దగ్గిస్తుంది, లేచి బయటికి పొమ్మని మనిషిని తరుముతుంది. మీరు ఆ నాలుగో పక్క తెరిచి ఉంచారు, అదే మిమ్మల్ని కాపాడింది. పరదాతో ఆ దారి మూసేసింది నేను.

వేలి మిషను కూడా అబద్ధమే చెప్పింది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఆ విషం ఎక్కి కూర్చున్నా, దానికి తేడా తెలియదట. తొంభై తొమ్మిది అనే చూపిస్తుందట. నేను చదువుకున్నాను ఇది. ట్రైనింగులో ఎప్పుడో రాసుకున్నాను కూడా. వడదెబ్బ, కోవిడ్, సీసా, బెంగ, అన్నీ తట్టాయి నాకు, ఇదొక్కటే తట్టలేదు. బండి లేని రోజు తల తేలిగ్గా ఉందని నువ్వు రాశావు. అంతకంటే ఇంకేం చెప్పాలి ఒక మనిషి? చెప్పినవాణ్ణి బడి ఎగ్గొట్టే పిల్లాడివన్నాను.

నువ్వు పోలీసులకి చెప్పింది నేను ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లి పరదా నాదేనని చెప్పాను. రాసుకున్నారు, పంపేశారు. కేసు మాత్రం మూసేశారట. రాయచోటిలో బుడేన్ సాహెబ్ భార్యకి ఫోన్ చేశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఈ విషం తగిలినవాళ్లలో కొందరు బాగైనట్టే లేచి తిరుగుతారు. కొన్ని వారాలకి మళ్లీ మతిమరుపు, తడబాటు మొదలవుతాయి. నీకు అలా రాకూడదని రోజూ మోకాళ్ల మీద ఉంటున్నాను. మాటలు తప్పిపోతున్నా, మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా దాచకు. వెంటనే నాకు రాయి. ఈసారి నువ్వు రాసిన ప్రతి అక్షరం నమ్ముతాను.

నీ అక్క


రాజోలు
5 నవంబరు 2023

అక్కా,

ఈపాటికి డ్యూటీ దిగి, రోలాలో టీ తాగుతూ ఉంటావు. ముందు ఆ టీ కానివ్వు.

నా డీజిల్ బండిని పట్టుకుపోయారు. పెరట్లోకి వెళ్లి చూస్తే లేదు. ఎవరిని అడిగినా చెప్పట్లేదు. ముదీర్ ఇంకా రాలేదు, వస్తే గట్టిగా అడుగుతాను. బుడేన్ సాహెబ్ మాత్రం పెట్రోలే మంచిదంటున్నాడు. ఆయన మాట కాదనలేను, ఎక్కువసేపు మాట్లాడడు ఈ మధ్య.

ఇది హన్మాండ్లుకి ఇస్తాను, వాడే తెచ్చిస్తాడు. హెప్సీ పోస్టులో వేస్తానంటోంది. ఇక్కడ పోస్టాఫీసు ఎక్కడుంది, అన్నీ ఇసుక దిబ్బలే కదా అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఎందుకో తెలియలేదు.

ఇక్కడొక పాప ఉంది. ఎర్ర చెప్పులు వేసుకుని, అడుగు వేస్తే లైట్లు వెలుగుతాయి. ఎవరి పిల్లో గానీ పొద్దస్తమానం నా పక్కనే కూర్చుంటుంది. పెద్ద కారులో తీసుకెళ్లమంటుంది. మా చిన్ని కూడా ఆ ఈడుదే అయ్యుంటుంది, నేను ఊరికి వెళ్లినప్పుడు చూడాలి. ఈ పిల్లకి ఏమైనా కొనిపెట్టు, వాళ్ల నాన్న దగ్గర లేడట.

తల బాగానే ఉంది. మిషను పెట్టుకోవట్లేదు గానీ తొంభై తొమ్మిదే ఉంటుంది. నా గురించి కంగారుపడకు. రోజూ మధ్యాహ్నం గది కిటికీలు వేసి, దుప్పటి పరదాలా కట్టి, కింద సందు లేకుండా నొక్కి పడుకుంటున్నాను. హెప్సీ వచ్చి లాగేస్తుంది. "మా అక్క నర్సు, తనే చెప్పింది" అని మళ్లీ కట్టుకుంటాను.

నీ మాట వింటున్న తమ్ముడు
రత్నబాబు